మూడు తాళాల తలుపు

అమలాపురంలో మా బాబాయి ఇంట్లో బీరువా అడుగు అరలో, పట్టు పంచెల కింద, ఒక నల్లటి ల్యాప్‌టాప్ పన్నెండేళ్లు పడి ఉంది. ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42. ఐబీఎం తన పీసీల విభాగాన్ని లెనోవోకు అప్పగించిన 2005లోనే, అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి దాన్ని తెచ్చి ఇచ్చాడు. తెలుగు మాస్టారుగా రిటైరైన బాబాయి లంక గ్రామాలన్నీ తిరిగి, పడవవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న పాటలను అందులో టైపు చేయించుకున్నాడు. పుస్తకం వేద్దామనుకున్నాడు. ఈలోగా పిన్ని జబ్బుపడింది. పుస్తకం ఆగింది, ల్యాప్‌టాప్ బీరువాలోకి వెళ్లింది. మళ్లీ 2024లో తీసి బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఒరే అబ్బాయ్, ఇద్దరు మెకానిక్కులకి చూపించాన్రా. ఇద్దరూ బోర్డు పోయింది, పాత సామాన్లవాడికి వేసేయమన్నారు. నువ్వొక్కసారి చూడు. నువ్వూ అదే మాట అంటే ఇంక వదిలేస్తాను" అన్నాడు బాబాయి.

బోర్డు పోలేదు. రెండు రోజుల్లో ఆ యంత్రం లేచింది. ఎలా లేచిందో ఈ అధ్యాయంలో మెట్టు మెట్టుగా చెబుతాను. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంటే పనికొస్తుంది. అయితే నేను చెప్పదలచుకున్నది అంతకన్నా పెద్ద విషయం. ఆ ఇద్దరిలో రెండో మెకానిక్ సరైన పనే చేశాడు. అడాప్టర్ పాడైందని కనిపెట్టి, మంచిది తెచ్చి పెట్టాడు. అయినా లైటు వెలగలేదు. దాంతో "ఇది అడాప్టర్ సమస్య కాదు, బోర్డు పోయింది" అని తేల్చేశాడు. తాను సరిగ్గా సరిచేసిన దాన్ని తానే నమ్మలేదు.

తలుపుకి మూడు తాళాలుంటే ఒకటి తీసినా తలుపు తెరుచుకోదు. కానీ ఆ ఒక్క తాళం నిజంగానే ఊడింది. ఈ సంగతి మరిచిపోతే, తీసిన తాళాన్ని మనమే మళ్లీ వేసేస్తాం.

ముందు ఏం కావాలో తేల్చుకోండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మీకు కావలసింది యంత్రమా, అందులో ఉన్న సమాచారమా? ఫొటోలో, ఉత్తరాలో మాత్రమే కావాలంటే ల్యాప్‌టాప్ లేవనక్కర్లేదు. హార్డ్ డిస్క్ బయటికి తీస్తే చాలు. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఉండేది రెండున్నర అంగుళాల ఐడీఈ డిస్క్. దానికి 44 పిన్నులుంటాయి. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న కేబుల్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో అడిగితే దొరుకుతుంది. టీ42లో ఒక్క మర ఊడదీస్తే డిస్క్ పక్కకి జారి వచ్చేస్తుంది.

నేను మొదట చేసింది అదే. డిస్క్ తీసి, నా కంప్యూటర్‌కి తగిలించి, ఉన్నదంతా కాపీ చేశాను. ఎవరైనా సరే మొదట ఈ పని చేయాలి. ఆ తరువాత రిపేరులో ఏం జరిగినా సమాచారం భద్రంగా ఉంటుంది, చెయ్యి వణకదు.

ఫైళ్లన్నీ వచ్చాయి. తెరిస్తే మాత్రం అక్షరాల బదులు అర్థంకాని గుర్తులు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లపాటు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పనిచేశాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫాంట్లు, ఆ సాఫ్ట్‌వేర్, బాబాయి పుటలు పేర్చుకున్న తీరు అన్నీ కలిసి ఉన్నది ఆ ఒక్క యంత్రంలోనే. కాబట్టి యంత్రాన్ని లేపడానికి మాకొక గట్టి కారణం దొరికింది. కారణం స్పష్టంగా ఉంటే ఓపిక దానంతటదే వస్తుంది.

చెయ్యి వేసే ముందు చూడండి

"ఆన్ కావడం లేదు" అనే మాటలో కనీసం మూడు వేరువేరు జబ్బులున్నాయి. లైటే వెలగకపోవడం ఒకటి. లైటు వెలిగి, ఫ్యాను తిరిగి, తెర నల్లగా ఉండిపోవడం రెండోది. అంతా నడుస్తున్నా తెర వెనకాల దీపం మాత్రమే చచ్చిపోవడం మూడోది.

మూడోదాన్ని పట్టుకోవడం చాలా తేలిక. గదిలో లైట్లు ఆపి, టార్చి వెలుగు తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. లోపల మసకగా అక్షరాలు కనిపిస్తే మీ ల్యాప్‌టాప్ బతికే ఉంది. పాత తెరల్లో వెలుగునిచ్చేది సన్నటి ట్యూబ్‌లైటు లాంటి దీపం. అదో, దాన్ని వెలిగించే ఇన్వర్టరో పాడై ఉంటుంది. ఆ ఇన్వర్టర్ కొన్ని వందల వోల్టులు పుట్టిస్తుంది. యంత్రం నడుస్తుండగా దాన్ని ముట్టుకోకూడదు.

మా యంత్రానిది మొదటి జబ్బు. లైటే లేదు.

ఇక్కడే ఒక నోటుపుస్తకం తీశాను. పేజీకి మూడు గడులు గీశాను. ఏం చేశాను, ఏం కనిపించింది, దాన్నిబట్టి ఏం తేలింది. మూడో గడిలో ఊహ రాయకూడదు, తేలిందే రాయాలి. ఈ అధ్యాయం నుంచి ఒక్క అలవాటే తీసుకోగలిగితే దీన్నే తీసుకోండి.

మొదటి తాళం: అడాప్టర్

ఎప్పుడైనా బయట నుంచి లోపలికి వెళ్లాలి. గోడ ప్లగ్గుకి ఫోన్ చార్జరు పెట్టి కరెంటుందని నిర్ధారించుకున్నాను. తరువాత అడాప్టర్. దాని వీపున 16 వోల్టులు, 4.5 ఆంపియర్లు అని ఉంది. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ మొనను పిన్ను లోపలికి, నల్ల తీగ మొనను పిన్ను బయటి అంచుకి ఆనించాను. సున్నా. తీగను పిన్ను దగ్గర అటూ ఇటూ వంచితే అంకె ఒక్క క్షణం ఎగిరి మళ్లీ సున్నాకి పడింది. ఏళ్ల తరబడి చుట్టి చుట్టి పెట్టడంతో తీగ లోపల తెగిపోయింది.

అడాప్టర్ కొనేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. వోల్టేజీ వీపున రాసిన దానికి సరిపోవాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, అంతకన్నా ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను లోపల ప్లస్సా, బయట ప్లస్సా అన్నది చిన్న బొమ్మగా ముద్రించి ఉంటుంది, రెండింటి మీదా ఒకేలా ఉండాలి. టీ42కి కావలసింది 16 వోల్టులు. దాని తరువాతి తరం టీ60 నుంచి థింక్‌ప్యాడ్‌లు 20 వోల్టులకు మారాయి, పిన్ను కూడా లావైంది. లావు పిన్ను ఎక్కదు కాబట్టి ప్రమాదం లేదు. కానీ రకరకాల పిన్నులు మార్చుకునే యూనివర్సల్ చార్జర్ వాడితే 19 వోల్టులు కూడా లోపలికి పోవచ్చు. "దాదాపు అంతే కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

పాత అడాప్టర్ విప్పి బాగుచేద్దామనుకోవద్దు. మన ఇంటి 230 వోల్టుల కరెంటు అందులో డీసీగా మారి సుమారు 325 వోల్టులుగా కెపాసిటర్‌లో నిలబడుతుంది. ప్లగ్గు పీకేసినా కొంతసేపు అది అక్కడే ఉండొచ్చు.

రెండో మెకానిక్ తెచ్చిన అడాప్టర్‌ని బాబాయి దాచి ఉంచాడు. కొలిస్తే 16 వోల్టులు చక్కగా చూపించింది. ల్యాప్‌టాప్‌కి పెట్టాను. లైటు లేదు. అదే పరిస్థితి, అదే నిశ్శబ్దం. ఆ మెకానిక్ నిలబడిన చోటే నేనూ నిలబడ్డాను. తేడా ఒక్కటే. నా పుస్తకంలో మూడో గడిలో "పాత అడాప్టర్ చచ్చింది, ఇది మంచిది" అని రాసి ఉంది. లైటు వెలగనంత మాత్రాన ఆ వాక్యం అబద్ధం కాదు. దాన్ని కొట్టేయకుండా ముందుకు కదిలాను.

రెండో తాళం: బ్యాటరీ

ఇక్కడ ల్యాప్‌టాప్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి. గోడ మీద స్విచ్ నొక్కితే బల్బుకి కరెంటు నేరుగా వెళుతుంది. ల్యాప్‌టాప్ బటన్ అలా కాదు. అది ఒక విన్నపం మాత్రమే. అడాప్టర్ నుంచి వచ్చిన కరెంటు ముందుగా ఫ్యూజులు దాటి, 3.3 వోల్టులుగా, 5 వోల్టులుగా మారి, లోపలి చిన్న కంట్రోలర్ చిప్‌ని మేల్కొలుపుతుంది. బటన్ నొక్కితే ఆ విన్నపం చేరేది ఆ చిప్‌కే. అది అడాప్టర్‌నీ బ్యాటరీనీ చూసి, అంతా సవ్యంగా ఉంటేనే ప్రాసెసర్‌కి కరెంటు వదలమంటుంది. బ్యాటరీ లోపల షార్టయి ఉంటే ఈ వరసంతా మొదట్లోనే ఆగిపోగలదు.

అందుకే రెండో మెట్టు ఇది. అడాప్టర్ పీకండి, బ్యాటరీ తీసేయండి. కరెంటు ఏమీ లేకుండా పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జీ ఇంకిపోతుంది, కంట్రోలర్ మొదటి స్థితికి వస్తుంది. తరువాత బ్యాటరీ పెట్టకుండా అడాప్టర్ ఒక్కటే తగిలించండి.

అలా చేయగానే టీ42లో పచ్చ లైటు వెలిగింది. పన్నెండేళ్లు చార్జీ లేకుండా పడి ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ లోపల పాడైపోయి, యంత్రాన్ని తొక్కిపట్టింది. పక్కన కూర్చున్న బాబాయి ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అలాంటి బ్యాటరీని "ఇంకోసారి చార్జింగ్ పెట్టి చూద్దాం" అనుకోకండి. ఉబ్బినట్టు కనిపిస్తే పొడవకండి, నొక్కకండి, ఎండలో పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

మూడో తాళం: ర్యామ్

బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. బీప్ శబ్దాలు వచ్చాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. టార్చి వేసి చూసినా అక్షరం లేదు.

చాలామందికి నిరాశ కలిగేది ఇక్కడే. ఎంతో దూరం వచ్చాక మళ్లీ ఆగిపోయామనిపిస్తుంది. నిజానికి బీప్ అన్నది శుభవార్త. ప్రాసెసర్ పనిచేస్తేనే, బయోస్ నడిస్తేనే ఆ శబ్దం వస్తుంది. బోర్డు పోయిందన్న మాట అబద్ధమని యంత్రమే నోరు విప్పి చెప్పింది. ఎన్ని బీప్‌లు, ఏవి పొడవు, ఏవి పొట్టి అన్నది రాసుకుని, కంపెనీ మాన్యువల్లో చూసుకోవాలి. థింక్‌ప్యాడ్‌లకు ఐబీఎం హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అని వేసింది. ఏ మర ఎక్కడిదో, ఎంత పొడవో కూడా అందులో ఉంటుంది. అలాంటి పుస్తకం ఎదురుగా పెట్టుకుని పనిచేయడం పక్కన అనుభవం ఉన్న పెద్దాయన కూర్చున్నట్టే.

తెర రాకుండా బీప్‌లు వస్తే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గర. ఏళ్లపాటు కదలని లోహపు అంచుల మీద కంటికి కనపడని పొర పేరుకుంటుంది. అడాప్టర్ పీకి, అడుగున చిన్న మూత తీసి, ర్యామ్ కర్రను రెండు పక్కల కొక్కేలు వదులు చేసి బయటికి తీశాను. ముందు చేతిని కిటికీ ఊచకు ఆనించి ఒంట్లో ఉన్న స్టాటిక్ వదిలించుకున్నాను. మెత్తటి గుడ్డకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, పసిడి రంగు అంచును రెండు వైపులా తుడిచాను. కొందరు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. రుద్దితే చాలా తేలికగా రుద్దాలి, గట్టిగా రుద్దితే పూత పోతుంది. మళ్లీ ఏటవాలుగా దించి, కొక్కేలు టక్కుమనేదాకా నొక్కాను.

బటన్ నొక్కితే తెర మీద రెండు ఎర్రర్ కోడ్‌లు కనిపించాయి. మొదటిదానికి లోపలి గడియారపు బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం, రెండోదానికి తేదీ, టైము పెట్టలేదని అర్థం. ఇవి అడ్డంకులు కావు. బిళ్ల బ్యాటరీ సీఆర్2032 రకం, రెండు సన్నటి తీగలతో బోర్డుకి కలిపి ఉంటుంది. తరువాత మార్చాను. డిస్క్ తిరిగి పెట్టాను. విండోస్ ఎక్స్‌పీ మొదలైంది.

సాయంత్రానికల్లా పాటల పుటలన్నీ పీడీఎఫ్‌గా మారి పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి.

మీ యంత్రం ఇంకా పాతదైతే

పై వరస 2000 తరువాతి ల్యాప్‌టాప్‌లకు సరిపోతుంది. తొంభైల నాటిదైతే వరస తిరగేయాలి. ముందు విప్పి చూడండి, ఆ తరువాతే కరెంటు పెట్టండి. ఆ కాలపు చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అడుగు నుంచి ద్రవం కారి బోర్డు దారులను తినేస్తాయి. బోర్డు ముక్కు దగ్గర పెట్టుకుంటే చేపల వాసన వస్తుంది. గడియారానికి వాడిన నికెల్ బ్యాటరీలు కూడా కారి, చుట్టూ పచ్చటి, నీలపు చిలుము పట్టిస్తాయి. ఆ చిలుముకి కొద్దిగా వెనిగర్ అద్ది, తరువాత ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చూడకుండా కరెంటు పెడితే, బాగుపడాల్సిన బోర్డు కాస్తా కాలిపోతుంది.

విప్పేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, తీసిన ప్రతి మరనూ అది ఉన్న చోటే టేపుతో అంటించండి. పొట్టి మర ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే బోర్డుకే చిల్లు పడొచ్చు.

ఎక్కడ ఆగాలి

మూడు తాళాలూ తీశాక కూడా తలుపు తెరుచుకోకపోవచ్చు. చార్జింగ్ పిన్ను పెట్టే సాకెట్ దగ్గర టంకం వదలడం, ఫ్యూజు పోవడం, కెపాసిటర్ షార్టవడం లాంటివి సోల్డరింగ్ తెలిసినవాళ్ల పని. వాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు మీ నోటుపుస్తకం తీసుకెళ్లండి. "ఆన్ కావడం లేదు సార్" అన్న మాటకీ, "అడాప్టర్ 16 వోల్టులు ఇస్తోంది, బ్యాటరీ తీసినా లైటు లేదు" అన్న మాటకీ చాలా తేడా ఉంది. రెండో మాట విన్న మెకానిక్ నేరుగా సాకెట్, ఫ్యూజు దగ్గర మొదలుపెడతాడు. గ్రాఫిక్స్ చిప్‌ని వేడి చేస్తే లేస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. లేచినా ఎక్కువ రోజులు నిలవదు.

గడి గడికీ దాని సాక్ష్యం

ఈ మూడు తాళాల సంగతి యంత్రాలకే పరిమితం కాదు. గ్రూప్స్ పరీక్షకి చదివే ఒక అమ్మాయిని తీసుకోండి. మొదటి ప్రయత్నంలో పోయింది. చదివింది గుర్తుండటం లేదని కనిపెట్టి, నోట్సు రాసుకునే పద్ధతి మార్చుకుంది. రెండోసారీ పోయింది. "నోట్సు వల్ల లాభం లేదు" అని పాత పద్ధతికి వెళ్లిపోయింది. నిజానికి నోట్సు పనిచేసింది. గుర్తుండటం అనే తాళం ఊడింది. టైములో రాయలేకపోవడం అనే రెండో తాళం మిగిలి ఉంది. ర్యాంకు అనే ఒక్క లైటు వైపే చూడటం వల్ల, ఊడిన తాళాన్ని తనే మళ్లీ బిగించుకుంది.

పొద్దున నడక మొదలుపెట్టినాయన నెల తిరిగేసరికి షుగరు తగ్గలేదని మానేస్తాడు. రాత్రి పదింటికి తినే అన్నం గురించి ఆలోచించడు. నడక తప్పు కాదు. ఒక్క నడకే చాలదు, అంతే.

మన జీవితంలో చాలాకాలంగా ఆగిపోయిన వాటికి ఒకే కారణం ఉండటం అరుదు. ఎన్నాళ్లు మూలపడి ఉంటే అన్ని లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అందుకే చివరి ఫలితంతో ప్రతి ప్రయత్నాన్నీ తూచకండి. ప్రతి మెట్టుకీ దాని సొంత కొలత ఉంది. అడాప్టర్‌కి మల్టీమీటర్, జ్ఞాపకానికి చిన్న పరీక్ష, నడకకి ఆయాసం తగ్గడం. ఆ కొలత బాగుందంటే ఆ మెట్టు పూర్తయినట్టే. దాన్ని పుస్తకంలో రాసి, కొట్టేయకుండా, పై మెట్టు ఎక్కండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఈ ఆదివారం మీ బీరువా అడుగు అర తెరవండి. అక్కడ ల్యాప్‌టాప్ ఉంటే ముందు అడాప్టర్ కొలవండి. ల్యాప్‌టాప్ లేకపోతే, మీరు మధ్యలో వదిలేసిన పని ఒకటి తీసి కాగితం మీద మూడు గడులు గీయండి. అప్పట్లో మీరు సరిగ్గా చేసి కూడా, ఫలితం రాలేదని వదిలేసినదేదో మొదటి గడిలో రాయండి. మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి.